కుర్చీ కింద మనిషి

మా ఇంట్లోంచి పోయినవాటిని లెక్క వేస్తే ముందు భూమి వస్తుంది. వెలిమెల శివారులో నాలుగెకరాల పన్నెండు గుంటలు, కర్మాగారం కట్టడానికి తీసుకున్నారు. దాంతోపాటు ఒక మోటబావి, బావి గట్టు మీద రెండు మామిడి చెట్లు. భూమి లేని ఇంట్లో ఎడ్లు ఊరికే తింటాయని ఎడ్ల జత కూడా పోయింది. భూమి ఇచ్చిన ఇంటికి ఒక నౌకరీ అని కర్మాగారం వాళ్లు అన్నారు. అది మా అన్నకు వచ్చింది. షిఫ్టుల మూలంగా అన్న ఇంట్లో మెలకువగా ఉండే పగళ్లు పోయాయి. నా కళ్లు వీటన్నిటికంటే ముందే పోయాయి, నాకు నాలుగేళ్లప్పుడు, అమ్మవారు పోసినప్పుడు. పాత సంగతి కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలో కలపరు. నేను కలుపుతాను. అన్నిటికంటే చివర ఒక మనిషిని కూడా కలుపుతాను. వాడు మా చుట్టం కాదు, మా ఊరివాడు కాదు. వాడు పోయిన లెక్క నాకు తప్ప ఎవరికీ లేదు.

ఆరేళ్లు వచ్చాక నాయన నన్ను పట్నంలోని చూపులేని పిల్లల బడిలో చేర్చాడు. అయిదో తరగతి దాకా చుక్కల రాత, కూడికలు, తీసివేతలు నేర్పారు. ఆపైన లెక్కలు చెప్పేవాళ్లు లేరు. భిన్నాలూ వడ్డీలూ నేను చింతగింజలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. కొన్ని తప్పుగా నేర్చుకుని చాలా రోజుల తరువాత సరిచేసుకున్నాను. బడివాళ్ల దృష్టిలో మాకు అంతకుమించి లెక్కలు అక్కర్లేదు. అయిదో తరగతి అయిపోయిన ప్రతివాడూ కుర్చీలు అల్లే షెడ్డులో కూర్చోవలసిందే.

అప్పట్లో ఆఫీసుల్లోనూ ఉన్నవాళ్ల ఇళ్లల్లోనూ పేము కుర్చీలు ఉండేవి. కూర్చునే చోట చెక్క ఉండదు. కట్టె చట్రం, దాని చుట్టూ వరసగా చిన్న చిన్న రంధ్రాలు. పేమును సన్నటి బద్దీలుగా చీల్చి, నీళ్లలో నానబెట్టి, ఆ రంధ్రాల్లోంచి పైకీ కిందికీ తీస్తూ అల్లుతారు. ముందు నిలువు, తరువాత అడ్డం, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, చివరికి రెండు వైపుల నుంచీ ఏటవాలుగా. మా బడిలో ఒక్కో కుర్చీకి ఇద్దరిని పెట్టేవాళ్లు. కుర్చీని రెండు బల్లల మీద ఎత్తి పెడతారు. ఒకడు పైన కూర్చుని బద్దీని రంధ్రంలోకి దించుతాడు. ఇంకొకడు కింద నేల మీద కూర్చుని, దాన్ని అందుకుని, లాగి బిగించి, ముడి వేసి, పక్క రంధ్రంలోంచి పైకి పంపుతాడు. అల్లిక వరస పైవాడి చేతిలో ఉంటుంది, బిగువు కిందివాడి చేతిలో ఉంటుంది. ఇలా అయితే పని తొందరగా అవుతుంది. బడికి ఆఫీసుల నుంచి కుర్చీలు వచ్చేవి, గడువులోపల ఇవ్వాలి మరి.

నేను పైవాణ్ణి. నా కిందివాడు పాలమూరు దిక్కు నుంచి వచ్చాడు. ఏడేళ్లు ఒకే జంటగా పని చేశాం.

"నువ్వు దేవునివిరా, పైన కూసుంటవు. నేను పాతాళంల ఉంట," అనేవాడు కింది నుంచి.

"దేవునికి నడుం నొయ్యదు. నాకు నొస్తుంది."

"గట్లయితే దిగు. నేనెక్కుత."

వాడు ఎక్కలేదు, నేను దిగలేదు. చేతిపనుల మాస్టారు ఒప్పుకునేవాడు కాదు. చెయ్యి మారిస్తే కుర్చీలు ఆలస్యమవుతాయని ఆయన బాధ. కొత్తగా చేరిన పిల్లవాణ్ణి పైనా కిందా ఎక్కడ కూర్చోబెడితే బడి విడిచేదాకా అక్కడే. ఏడేళ్లలో మేము మాట్లాడుకున్నది కొంచెమే. నేను బద్దీ దించితే అది ఇట్టే పోయేది. లాగిన తీరును బట్టి వాడు నవ్వుతున్నాడో, ఇంటి మీద బెంగగా ఉన్నాడో నాకు తెలిసేది. ఒకసారి వాడికి జ్వరం వచ్చిన సంగతి మాస్టారు కంటే ముందు నాకే తెలిసింది. బద్దీ ఆలస్యంగా పైకి వచ్చింది.

పద్దెనిమిది నిండినవాళ్లను బడి ఉంచుకోదు. ఆఖరి సంవత్సరం పెద్దసారు ఒక్కొక్కరి ఇంటివాళ్లనూ పిలిపించి మాట్లాడేవాడు. బడి విడిచాక మేము ఎక్కడుండాలి, ఏం చెయ్యాలి అన్నది ఆయన నిర్ణయించేవాడు. మా నాయన వచ్చిన రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"మీవాని చేతుల పని ఉన్నది. ఇగ వాని బతుకు వాడు బతుకుతడు," అన్నాడు పెద్దసారు.

"మా ఊర్ల కుర్సీలు యాడియి సారూ?" అన్నాడు నాయన. "పటేలింట్ల రెండున్నయి. గవి గూడ చెక్కవి. మాకయితే మంచం, లేకుంటే నేల."

"మీ దిక్కు కంపెనీలు వస్తున్నయి గద. కంపెనీ వస్తే ఆఫీసు రాదా? ఆఫీసు వస్తే కుర్చీలు రావా?"

ఆ మాట సరైనదే. పెద్దసారు మంచివాడు, ఆలోచించే చెప్పాడు. వెళ్లే ప్రతివాడికీ చేతిలో పని, ఒక రేకు పెట్టెలో కత్తి, సూజి, కొయ్య చీలలు, ఒక కట్ట పేము, తీసుకుపోవడానికి ఇంటి మనిషి. ఇంతవరకు ఆయన ఏర్పాటులో లోపం లేదు.

నేను ధైర్యం చేసి అడిగాను. "సారూ, మమ్ముల ఇద్దర్ని ఒక్కతాన పెట్టుండ్రి. నాకు కింది పని రాదు. వానికి పై పని రాదు."

ఆయన పెద్దగా నవ్వాడు. "మీరేమన్న ఆలుమగలా, ఒక్కతాన పెట్టనీకి? ఎవ్వరిల్లు వాళ్లకున్నది. ఇంటికాడ ఎవర్నన్న కింద కూసోబెట్టుకో. నాలుగు రోజుల్ల నేర్చుకుంటరు."

నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వులో తొందర ఉంది. ఇంకొకణ్ణి కూడా తన వెంట పంపుతారేమోనని భయపడ్డాడేమో. అదే వారంలో వాడి మేనమామ వచ్చి వాణ్ణి పాలమూరు బస్సు ఎక్కించాడు. నన్ను నాయన పటాన్‌చెరు బస్సు ఎక్కించాడు. ఒకే పనిలోని రెండు సగాలు రెండు జిల్లాలకు వెళ్లాయి.

కుర్చీ కింద కూర్చోవడానికి ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి ఖాళీగా ఉంటాడని పెద్దసారు అనుకున్నాడు. నేను వచ్చేసరికి మా ఇంట్లో అలాంటి మనిషి లేడు. నాయన ఎవరిదో కట్టెల అడితిలో కావలి ఉండేవాడు. అమ్మ కర్మాగారం కాలనీలో రెండిళ్లలో అంట్లు తోమేది. అన్న షిఫ్టు చేసి వచ్చి పడుకునేవాడు. వదినకు చంటిపిల్ల. ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

సైరన్ కూసే ముందు ఊరిలోంచి సైకిళ్లు వెళ్లేవి. నేను అరుగు మీద కూర్చుని వాటిని లెక్కపెట్టేవాణ్ణి. మళ్లీ సైరన్ కూశాక తిరిగి వచ్చేవి. గంట కొడుతూ వచ్చిన వాళ్లు "అన్న లేసిండా?" అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. రేకు పెట్టె నా పక్కనే ఉండేది. తాళం వెయ్యలేదు. తీసేవాళ్లు లేరు కాబట్టి వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

మొదటి కుర్చీని అమ్మ తెచ్చింది. తను పనిచేసే ఇంటి అమ్మగారు ఇచ్చారట. వాళ్లది గుంటూరు వైపు. ఆయన కర్మాగారంలో ఆఫీసరు, కొత్తగా కట్టిన అతిథి గృహం కూడా ఆయన అజమాయిషీలోనే ఉండేది. కుర్చీ వెనుక అమ్మగారు కూడా రిక్షాలో వచ్చారు.

"ఎన్నాళ్లు పడుతుంది బాబూ?"

"అయిదు దినాలమ్మా," అన్నాను. అది ఇద్దరు చేస్తే పట్టే కాలం. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

కింద కూర్చోమని అమ్మనే అడిగాను. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. కళ్లున్న మనిషి కాబట్టి చేత్తో వెతకదు, తల వంచి చూస్తుంది. కుర్చీ కింద ఏమి కనబడుతుంది?

"ఏ బొక్కరా?"

"కుడి దిక్కు మూడోది."

"నీ కుడా, నా కుడా?"

"నీ కుడి అమ్మా. కాదు, ఆగు. నాది."

"గంపకింద కోడిని మూసినట్టు మూసినవు నన్ను," అని నవ్వేది. వదిన లోపలి నుంచి, "అత్తా, గా కుర్సీ కిందనే పండుకుంటవా ఏంది? బువ్వ సల్లగైతుంది," అనేది. అమ్మ వేళ్లు సబ్బుకూ బూడిదకూ అప్పటికే పగిలి ఉన్నాయి. పేము అంచు కోసుకుని ఇంకా చీలాయి. తను చెప్పలేదు. బద్దీ మీద తడి తగిలింది, అది నీళ్లలో నానిన తడి కాదు. ఆ రోజుతో అమ్మను కింద కూర్చోబెట్టడం మానుకున్నాను.

మిగతాది నేనే చేశాను. బద్దీ దించి, లేచి, కిందికి దూరి, లాగి, ముడి వేసి, మళ్లీ పైకి వచ్చేసరికి అది వదులైపోయేది. పద్నాలుగు రోజులకు కుర్చీ అయింది. ఆఫీసరు కూర్చుంటే జోలెలాగా కిందికి దిగిందట. అమ్మగారు కోప్పడలేదు. ఇంకోసారి వచ్చి అడిగారు.

"బళ్లో ఎలా చేసేవాడివి? అక్కడ కూడా ఇలాగేనా?"

"లేదమ్మా. అక్కడ కింద ఒకడుండేటోడు."

"అయితే అతన్ని పిలిపించవయ్యా. అంత ఆలోచన దేనికి?"

ఆమె ఆ మాట ఎంతో తేలికగా అన్నారు. వారం తిరక్కుండా ఆఫీసరు కూడా ఒక మాట చెప్పారు. అతిథి గృహంలో పన్నెండు కుర్చీలున్నాయి, అల్లిక పాడైపోయింది. దసరాకు ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. ఈలోపు పన్నెండూ అల్లిస్తే, పని బాగుంటే, కర్మాగారంలోని కుర్చీల పని అంతా ఏడాది పొడుగునా మా ఇద్దరికే. ఒక షెడ్డు కూడా ఇస్తామన్నారు. ఇద్దరు కలిసి చేస్తే అరవై రోజుల పని. దసరాకు ఇంకా మూడు నెలలుంది. లెక్క సరిపోయింది. పద్దెనిమిదేళ్లు దాటిన తరువాత నేనెక్కడుండాలి అన్న ప్రశ్నకు మొదటిసారి జవాబు కనబడింది.

బడికి కార్డు రాయించాను. బడివాళ్లు వాడి ఊరికి రాశారు. ఆషాఢంలో ఒకరోజు వాడి మేనమామ వాణ్ణి మా అరుగు మీద దింపి వెళ్లాడు.

"ఏందిరా దేవుడా, మంచిగున్నవా?" అన్నాడు వాడు.

"నువ్వేం చేస్తున్నవురా ఇన్నొద్దులు?"

"నౌకరి. పల్లిచేన్ల మంచె మీద కూసొని డబ్బా కొడుత. పిట్టలు లేస్తయి. మల్ల వాల్తయి. మల్ల కొడుత."

ఆ రాత్రి వదిన, "ఒక్కనికి ఒండుతున్ననంటే ఇద్దరైండ్రు," అంది. వాడు వెంటనే, "వదినా, నేను కిందోణ్ణి. నాకు సగమే పెట్టు," అన్నాడు. వదినకు నవ్వు ఆగలేదు. తరువాత వాడికి నాకంటే ఎక్కువే పెట్టేది.

పన్నెండు కుర్చీలూ ఎడ్లబండి మీద మా ఇంటికి వచ్చాయి. మేము పనిలో పడ్డాం. మొదటి రోజు నేను బద్దీ దించగానే అది ఒక్క లాగుడుతో కిందికి పోయింది. మధ్యలో ఏడాదిన్నర గడిచినట్టే లేదు. అయిదు రోజులకు ఒకటి చొప్పున కుర్చీలు లేచాయి. ఆఫీసరు వచ్చి రెండు చేతులూ ఆనించి నొక్కి చూసి, "భేష్," అన్నారు. షెడ్డు ఎక్కడో కూడా చెప్పారు, సైకిల్ స్టాండు పక్కన. సాయంత్రాలు ఇద్దరం ఆ షెడ్డు గురించే మాట్లాడుకునేవాళ్లం. కిటికీ ఏ దిక్కుకు ఉండాలని వాడు అడిగితే, మనకెందుకురా కిటికీ అన్నాను. "గాలికిరా, పిచ్చోడా," అన్నాడు.

ఏడో కుర్చీ అయిపోయిన మరునాడు మేనమామ వచ్చాడు. శ్రావణం దాటుతున్నా పాలమూరులో వాన లేదు. ఇల్లిల్లంతా మేస్త్రి వెంట బొంబాయికి, ఏవో మేడల పనికి పోతున్నారట.

"వీన్ని తోల్కపోనీకి వచ్చిన," అన్నాడు.

"వాడీడనే ఉంటడు మామా," అన్నాను. "పనున్నది. ఇంక అయిదు కుర్చీలున్నయి. అవి అయితే మా ఇద్దరికి నౌకరి లెక్కనే."

"నేను కాదంటలేను బిడ్డా. ఆడ గుడిసెల నలుగురు పోరగాండ్లున్నరు. ఆడోళ్లు తట్టలు మొయ్యవోతరు. పోరగాండ్ల కాడ ఎవరుంటరు చెప్పు? ముసలిది ఉండె, మొన్ననే పాయె."

వాళ్లింటి కష్టం మా నాయనకూ అమ్మకూ అర్థమైంది. ఇక వాడే చెప్పాలి. వాడు చాలాసేపు బద్దీ ముక్కను వేలికి చుట్టుతూ, విప్పుతూ కూర్చున్నాడు. ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

"పిల్లల్ని సూస్కోమంటున్నర్రా నన్ను," అన్నాడు చివరికి. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "మావోళ్లు నన్ను రమ్మని అడిగింది గిదే మొదలు. ఇప్పటిదాంక యాడికన్న పంపుడే గని పిలుసుడు లేదు."

"కుర్చీలు?"

"యాడికి పోతయి? వాన పడ్డంక వస్త. అయిదు గద, ఉండనియ్యి. నువ్వు ముట్టకు, వదులు చేస్తవు."

మరునాడు పొద్దున పటాన్‌చెరు దాకా వెళ్లి బస్సు ఎక్కించి వచ్చాను. బస్సు కదిలాక మేనమామ గొంతు వినబడింది, వాడి గొంతు వినబడలేదు. జనం గోలలో ఏమైనా అన్నాడేమో.

ఒక్కణ్ణి చేస్తే కుర్చీకి పద్నాలుగు రోజులు. అయిదింటికి డెబ్భై. దసరాకు నలభై అయిదు కూడా లేవు. ఈ లెక్కను ఎన్నిసార్లు వేసినా మారలేదు. అయినా ఎనిమిదో కుర్చీ మొదలుపెట్టాను. సగమయ్యాక ఆఫీసరు వచ్చి బొటనవేలితో నొక్కారు. "వద్దులే. నీ తప్పు కాదు," అన్నారు. నేను ఆ సగాన్నీ విప్పేశాను. దసరాకు అతిథి గృహంలో ఏడు పేము కుర్చీలు, అయిదు ఇనుప కుర్చీలు వేశారు. వచ్చిన పెద్దలు ఇనుపవి బాగున్నాయన్నారట. సైకిల్ స్టాండు పక్కన షెడ్డు కట్టారు, అందులో స్కూటర్లు పెట్టుకున్నారు.

మరుసటి ఏడు వాన పడింది, బాగానే పడింది. వాడు రాలేదు. బడికి రాయించాను, వాళ్లకు ఏమీ తెలియదు. పాలమూరు కూలీలు పటాన్‌చెరులో కొత్త ఫ్యాక్టరీల పునాదులు తవ్వడానికి వచ్చేవాళ్లు. వాళ్ల గుడిసెల దగ్గరికి వెళ్లి అడిగేవాణ్ణి, బొంబాయిలో పిల్లల్ని ఆడించే చూపులేని మనిషిని ఎవరైనా ఎరుగుదురా అని. ఒకావిడ, "గసొంటోళ్లు ఆడ శానమంది ఉంటరయ్యా," అంది. నాకు ఆ మాట ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

కింది పని నేను నేర్చుకున్నాను. ఇంట్లోని నులక మంచం కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ముడులు వేసి విప్పి, విప్పి వేసి, రెండేళ్లు పట్టింది. ఇప్పుడు కుర్చీ ఒక్కణ్ణే అల్లుతాను. గట్టిగానే ఉంటుంది. రామచంద్రాపురం డాక్టర్లు, పటాన్‌చెరు వకీళ్లు నా చేతి కుర్చీల్లోనే కూర్చున్నారు. పేము కరువయ్యాక ప్లాస్టిక్ వైరు కూడా అల్లాను. నా తిండి నేను తింటున్నాను, అన్నకు బరువు కాలేదు. పెద్దసారు బతికి ఉంటే ఇది చూసి తన ఏర్పాటు ఫలించిందనేవాడు, అలా అనడంలో అబద్ధం కూడా లేదు. కానీ పని చేసేటప్పుడు బద్దీని రంధ్రంలోకి దించి, నా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. కింద లాగేవాళ్లు ఎవరూ ఉండరు. లేచి, వంగి, నేనే వెళ్లి అందుకోవాలి. రోజంతా ఇదే.

ఆఫీసరు బదిలీ మీద వెళ్లిపోయే ముందు ఆ అయిదు చట్రాల సంగతి అడిగాను. స్టోరులోని గుమాస్తా, "అవి పాత సామాన్ల రాసి లెక్కల నుంచి కొట్టేసినం. నీతానే ఉంచుకో. ఎవ్వరడుగుతరు?" అన్నాడు. కర్మాగారం లెక్కలో అవి లేవు. మా ఇంటి వెనుక అర్రలో గోడకు ఆనించి ఉన్నాయి. ఏడాదికోసారి చెదలు పట్టకుండా నూనె రాస్తాను, రంధ్రాల్లో దుమ్ము పుల్లతో తీస్తాను.

ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది మా అన్న కూతురు. ఇక్కడిదాకా రాసి కలం ఆపి, "కాకా, గవి నువ్వే అల్లరాదు? అల్లొచ్చు గద ఇప్పుడు," అంది.

అల్లొచ్చు. పద్నాలుగు రోజులు కూడా పట్టవు, ఇప్పుడు తొమ్మిదిలో చేస్తాను. ఇన్నేళ్లలో ఎన్నో కుర్చీలు ఒక్కణ్ణే చేశాను, అవి నా లెక్కలోవి. ఇవి ఇద్దరి లెక్కలోవి. ఉండనియ్యి, వస్త అన్నాడు వాడు. ఉంచాను. మా ఇద్దరి మీదా ఇంకా తీరని బాకీ, ఈ రోజు వరకు, అయిదు కుర్చీలు.